జర్మను వ్యాకరణము – మన శబ్దమంజరి



పూర్వము యుద్ధవార్తలలో దప్ప జర్మనీ పేరు వినబడని మన యిండ్లలో నేడు మనుమలును మనుమరాండ్రును ఆ దేశభాషను వల్లించుచున్నారు. మా పొదిలి ప్రాంతమున ప్రత్తియు మిరపయు పండించి పిల్లలను చదివించిన కుటుంబములనుండి కొందఱు పై చదువులకును, కొందఱు యంత్రశాలలలో కొలువులకును, కొందఱు నర్సు ఉద్యోగమునకును అచ్చటికి బోవ దలపెట్టుచున్నారు. తెలంగాణ రాష్ట్రమున టామ్‌కామ్ అను ప్రభుత్వసంస్థ నర్సులకు జర్మను నేర్పించి పంపుచున్నది. ఆ భాషాపరీక్షలకు ఏ-1 మొదలు సి-2 వఱకు ఆఱు శ్రేణులు. నర్సుగా అచ్చట అనుమతి పొందుటకు సామాన్యముగా నాలుగవదియైన బి-2 శ్రేణి కావలయును. పరీక్ష తప్పినచో ప్రయాణము లేదు, ఉద్యోగము లేదు. దానికై చేసిన అప్పు మాత్రము మిగులును.

ఇట్టి పిల్లలున్న యింటి పెద్దలు పలువురు "అది మాకు రాని భాష, మేమేమి చేయగలము?" అని యూరకుందురు. అది సరి గాదని నా యభిప్రాయము. బాల్యమున రామశబ్దము వల్లించినవారికి జర్మను వ్యాకరణములోని కష్టము సగము ముందే తెలిసియున్నది. ఇంగ్లీషు బడిలో చదివిన పిల్లలకు విభక్తి యన నేమో తెలియదు. వారు తొట్రుపడుచోటు సరిగా అదియే.

జర్మనులు మన భాష నేర్చుట క్రొత్త సంగతి గాదు. బెంజమిన్ షుల్ట్సె అను పాదరి చెన్నపట్టణమున తెలుగు నేర్చి 1728లో లాటిను భాషలో తెలుగు వ్యాకరణము వ్రాసెను. స్వదేశమునకు మరలిన పిదప 1746లో హాలె పట్టణమున తెలుగు పుస్తకము నచ్చొత్తించెను. 1842లో గుంటూరు వచ్చిన హైయరు పాదరియు జర్మనీ దేశమున బుట్టినవాడే. వారు మన సప్తవిభక్తులతో పెనగులాడిరి. మన పిల్లలు నేర్వవలసినవి నాలుగే.

ఆ నాలుగు ప్రథమ, ద్వితీయ, చతుర్థి, షష్ఠి. తక్కినవాని యర్థములను చిన్న చిన్న అవ్యయములు తెలుపును. అయితే ఒక్క భేదము కలదు. మనము "రాముడు, రాముని, రామునకు" అని పదము చివర మార్పు చేయుదుము. జర్మనులో మార్పు ప్రధానముగా పదమునకు ముందు నిలుచు చిన్నమాటయందు గనబడును. పురుషుడను అర్థమున "మన్" అను మాటను గైకొనుడు. డేర్ మన్ అనగా పురుషుడు. డెన్ మన్, పురుషుని. డేమ్ మన్, పురుషునకు. డెస్ మన్నెస్, పురుషునియొక్క. షష్ఠియందు మాత్రము పదము చివరను మార్పు వచ్చినది. డేర్, డెన్, డేమ్, డెస్: ఇదియే వారి రామశబ్దము.

దీని ప్రయోజనమెట్టిదో చూడుడు. "డేర్ టీగర్ జీట్ డెన్ మన్" అనిన పులి మనుష్యుని జూచుచున్నదని యర్థము. "డెన్ మన్ జీట్ డేర్ టీగర్" అని తలక్రిందులు చేసినను చూచునది పులియే. ఇంగ్లీషులో నిట్లు త్రిప్పినచో మనుష్యుడే పులిని జూచినవాడగును. తెలుగువారమైన మనకిందు వింత లేదు. "మనుష్యుని పులి చూచినది" అని మనమును అందుము. ఇంగ్లీషు మార్గమున ఆలోచించు బాలుడు వాక్యమున ముందున్న మాటయే కర్త యనుకొని చిక్కుపడును. వానితో "ముందున్న మాట చూడకుము, విభక్తి చూడుము" అని చెప్పుటకు మనకు జర్మను రానక్కఱలేదు.

లింగములు మూడు. నపుంసకమున డస్, డస్, డేమ్, డెస్ అని నడచును. ప్రథమా ద్వితీయలు రెండు నొక్కటే, తక్కినవి పుంలింగమువలెనే. వనశబ్దమును చదివినవారికి ఇది చిరపరిచితమైన దారి గదా! స్త్రీలింగమున డీ, డీ, డేర్, డేర్. బహువచనమున మూడు లింగములకు నొక్కటే వరుస: డీ, డీ, డెన్, డేర్. ఇందొక మోసము కలదు. డేర్ మన్ అనగా పురుషుడు గాని, డేర్ ఫ్రౌ అనగా స్త్రీకి, లేక స్త్రీయొక్క. కావున మాట నేర్చునప్పుడే దాని లింగమును గూడ నేర్వవలయును. "మన్" అని వల్లించిన చాలదు. "డేర్ మన్" అనియే వల్లించవలయును. ఈ నియమమును విడిచినవారు ఆఱు మాసములకు మరల మొదటికి రావలసివచ్చును.

లింగమునకు అర్థము ప్రమాణము గాదు. సూర్యుడు వారికి స్త్రీలింగము, డీ జొన్నె. చంద్రుడు పుంలింగము, డేర్ మోంట్. బాలిక యను నర్థముగల "మేట్‌శెన్" నపుంసకము! చివరనున్న "శెన్" అను ప్రత్యయము చిన్నతనమును దెలుపును, అది చేరిన ప్రతిమాటయు నపుంసకమే. పిల్లలు దీనిని విని నవ్వుదురు. సంస్కృతమున భార్యాశబ్దము స్త్రీలింగము, దారశబ్దము పుంలింగము, కళత్రశబ్దము నపుంసకము, మూడింటికి నర్థమొక్కటే. తెలుగున మాత్రమేమి? స్త్రీ వచ్చినను ఆవు వచ్చినను "వచ్చినది" అనియే యందుము. నవ్వువారికి ఈ మాట చెప్పుడు.

సమాసములు మనకు నచ్చును. ప్రత్తిని వారు "బౌమ్‌వొల్లె" యందురు. బౌమ్ అనగా చెట్టు, వొల్లె యనగా ఉన్ని. చెట్టు ఉన్ని! మన చేలలో బండెడు పండు వస్తువునకు ఇంత చక్కని పేరు గలదని విని నాకు ముచ్చటయైనది. బౌమ్ పుంలింగమైనను వొల్లె స్త్రీలింగము గావున సమాసమంతయు స్త్రీలింగమే. తత్పురుషమున ఉత్తరపదమును బట్టి లింగము వచ్చునని మనము చదివినదే గదా.

సంఖ్యల విషయమున జాగ్రత్త వలయును. మనము "ఇరువదియైదు" అందుము. వారు "అయిదును ఇరువదియు" అని ఒకట్లను ముందు పలుకుదురు: ఫ్యున్‌ఫ్ ఉంట్ త్స్వన్‌త్సిశ్. ఏబదిరెండు "త్స్వై ఉంట్ ఫ్యున్‌ఫ్‌త్సిశ్", అనగా రెండును ఏబదియు. మందు మోతాదు వినుచున్న నర్సు ఈ వరుసను తాఱుమాఱు చేసికొనినచో రోగికి ఇరువదియైదుకు బదులు ఏబదిరెండు పడును. సంస్కృతసంఖ్యలు వచ్చినవారికి ఈ భయము లేదు. పంచవింశతి, ద్విపంచాశత్ అని మనము చెప్పువరుసయే వారి వరుస. సంస్కృతమును జర్మనును ఒక్క కుటుంబములోనివి. ఫ్రాంట్స్ బోప్ అను జర్మను పండితుడు 1816లో సంస్కృతక్రియారూపములను గ్రీకు, లాటిను, పారసీక, జర్మను రూపములతో బోల్చి గ్రంథము ప్రకటించెను. మన తెలుగు సంస్కృతజన్యము గాదని ఎల్లిస్ దొర వ్రాసిన వ్యాసము క్యాంబెల్ దొర వ్యాకరణముతో అచ్చైనదియు 1816లోనే.

ఇక క్రియ. ప్రధానవాక్యమున క్రియ రెండవస్థానమున నిలువవలయును. "హొయిటె కొమ్ట్ డేర్ ఫాటర్" అనగా నేడు తండ్రి వచ్చును; హొయిటె నేడు, కొమ్ట్ వచ్చును, ఫాటర్ తండ్రి. ముందే మాట వచ్చినను క్రియ తన చోటు వదలదు. కాని "ఏలయన" యను నర్థముగల "వైల్" వంటి మాటతో నారంభమగు ఉపవాక్యమున క్రియ తిన్నగా చివరకు బోవును, తెలుగులోవలెనే. మొదటిది మన పిల్లలు కష్టపడి నేర్చుదురు, రెండవది వారికి పుట్టుకతో వచ్చినది.

కొన్ని క్రియలకు ఉపసర్గ విడిపోయి వాక్యాంతమున జేరును. "ఇశ్ మఖె డీ ట్యూర్ ఔఫ్" అనిన నేను తలుపు తెఱచుచున్నాను. "ఇశ్ మఖె డీ ట్యూర్ త్సూ" అనిన మూయుచున్నాను. చివరిమాట వినువఱకు తెఱచుటయో మూయుటయో తెలియదు. వేదమున ఉపసర్గలు ధాతువునకు దూరముగా నుండుట ఎఱిగిన పెద్దలకు ఇది క్రొత్తగా దోచదు. అన్నట్లు, ఆ "ఇశ్" అను మాట చివరిధ్వని మన తాలవ్యశకారమునకు దగ్గఱగా నుండును. శ, ష, స లను వేఱువేఱుగా పలుక నేర్చిన నాలుకకు అది సులభము.

గౌరవవాచకము చెప్పి ముగింతును. చనువుగలవారిని "డూ" అని, తక్కినవారిని "జీ" అని సంబోధింతురు. ఈ జీ నిజమునకు "వారు" అను మాటయే. క్రియయు "వారు వత్తురు" అన్నట్లే యుండును. మనము పెద్దలతో "తమరు వచ్చినారు" అనుటయు, సంస్కృతమున భవచ్ఛబ్దమునకు ప్రథమపురుషక్రియ చేర్చుటయు నిట్టిదే. ఆసుపత్రిలో వృద్ధరోగిని డూ యని పిలిచిన నర్సును అచ్చట మర్యాద తెలియనిదనుకొందురు. పిల్లలను, మిత్రులను, బంధువులను మాత్రము డూ యనవచ్చును. దేవుని సైతము వారు డూ యనియే ప్రార్థింతురు, మన భక్తులు నీవనినట్లు.