మంచి నేలల పటము ఎట్లుండవలెను?

పైకి ఒకే రంగుగా కనిపించు రెండు ఎర్ర చెలకలలో బత్తాయి మొక్కలు నాటినారనుకొందము. మొదటి రెండు మూడేండ్లు రెండు తోటలును పచ్చగానే ఉండవచ్చును. తరువాత ఒకటి కాపునకు వచ్చును. రెండవదానిలో ఆకులు పసుపుబారి, కొమ్మలు ఎండ నారంభించును. గోతులు త్రవ్వి చూచినచో కారణము తెలియును. మొదటి చేనులో నాలుగడుగుల వరకు మంచి మన్ను గలదు. రెండవ చేనులో అడుగున్నర క్రిందనే సున్నపు పొర గట్టిపడి ఉన్నది. ఈ సంగతిని మొక్కలు నాటుటకు ముందే తెలుపునది నేలల పటము.

భూసార పరీక్ష వేరు, నేలల పటము వేరు. పరీక్షకు సాధారణముగా పై ఆరంగుళముల మట్టిని తీసి పంపుదుము. ఈ పంటకు ఏ ఎరువు ఎంత వేయవలెనో దానివలన తెలియును. ఎరువు వేసినకొలది, పంట తీసినకొలది ఆ అంకెలు మారును. నేల లోతు, బంకమన్ను పాలు, వాలు, అడుగు పొరలు అంత త్వరగా మారవు. పటము చెప్పవలసినవి ఇవియే.

పూర్వపు మద్రాసు రాష్ట్రమునకు చెందిన జిల్లాలలో రెవిన్యూ లెక్కలయందు భూమికి ‘తరము’ వ్రాయుట గ్రామోద్యోగులు ఎరుగుదురు. అది శిస్తు కట్టుటకు ఏర్పడినది. దానిని బట్టి పంటను నిర్ణయించరాదు.

పటము కొలత

పటమును చూడగానే దాని కొలత ఎంతయో చదువవలెను. నాగపూరులోని జాతీయ నేలల సర్వే సంస్థ రాష్ట్రములకు తయారుచేసిన పటములు 1:2,50,000 కొలతలో ఉన్నవి. అందులో ఒక చదరపు సెంటీమీటరు 625 హెక్టార్లు, అనగా సుమారు 1,544 ఎకరములు. జిల్లాకు ప్రణాళిక వేయుటకు అది చాలును గాని, మీ సర్వే నంబరును గూర్చి అది చెప్పజాలదు. 1:10,000 కొలతలో ఒక చదరపు సెంటీమీటరు ఒక హెక్టారు, అనగా సుమారు రెండున్నర ఎకరములు. గ్రామమునకు ఇట్టిది కావలెను. చిన్న పటమును పెద్దదిగా అచ్చు వేసినంత మాత్రమున అందులోని వివరము పెరుగదు. గీత లావగును, అంతే.

లోతు, హద్దులు

మంచి పటము గోతులు త్రవ్వి చూచినదై ఉండవలెను. సర్వే చేయువారు సాధారణముగా ఒకటిన్నర మీటర్ల వరకు, లేదా రాయి తగులువరకు త్రవ్వి, ప్రతి పొర రంగును, మెత్తదనమును, రాళ్ళను వ్రాసికొందురు. పలుచని ఆమ్లపు చుక్క వేసినప్పుడు మన్ను పొంగినచో అందులో సున్నము ఉన్నట్లు. 50 సెంటీమీటర్లకు లోపు లోతు గలవానిని తక్కువ లోతు నేలలనియు, 100 సెంటీమీటర్లు దాటినవానిని లోతు నేలలనియు విభజింతురు.

మన మెట్ట ప్రాంతములలో తరచుగా మిట్టన ఎర్ర నేల, పల్లమున నల్లరేగడి ఉండును. ఒకటి ముగిసి మరియొకటి మొదలగు చోటు పొలము గట్టువలె స్పష్టముగా ఉండదు. కొంత దూరము రెండును కలిసియుండును. కావున పటములోని ప్రతి తునకలోను ముఖ్యమైన నేల ఏది, దానిలో కలిసియున్న ఇతర నేల ఏది అను వివరము వ్రాసియుండవలెను. సర్వే నంబర్ల హద్దులు కూడ దానిపై ఉన్నచో రైతు తన చేనును వెదకుకొనగలడు.

పరీక్షించు విధము

పటము మంచిదో కాదో రైతే తెలిసికొనవచ్చును. పటములో ఒకే నేలగా చూపిన భాగములో మూడు చోట్ల మూడడుగుల గొయ్యి త్రవ్వవలెను. రంగు, లోతు, రాళ్ళు పటములో వ్రాసినదానితో సరిపోయినచో దానిని నమ్మవచ్చును. రెండు చోట్ల తేడా వచ్చినచో సర్వే నంబరుతో సహా వ్రాసి వ్యవసాయాధికారికి తెలుపవలెను.

తోట వేయుటకు, బావి త్రవ్వుటకు, కాలువ నీరు పారించుటకు ముందు ఈ పని చేయుట లాభము. మురుగు పోవు దారి లేని రేగడిలో ఎడతెగక నీరు పెట్టినచో ఊట పైకి వచ్చి, చౌడు పుట్టు ప్రమాదము గలదు. అట్లు చెడిన భూమిని బాగుచేయుటకు ఏండ్లు పట్టును. గొయ్యి త్రవ్వుటకు ఒక పూట చాలును.