వడ్డీ లేదు సరే, సొమ్ముకు భద్రత ఏది?

సబ్బవరంలో ఒకాయన సరుకుల ఆటో కొందామనుకున్నాడనుకుందాం. ధర 3 లక్షలు. మామూలు బ్యాంకు అయితే అప్పిచ్చి వడ్డీ వసూలు చేస్తుంది. వడ్డీ తీసుకోని ఇస్లామిక్ బ్యాంకు అప్పివ్వదు. తానే ఆటో కొని, 3 లక్షల 60 వేలకు ఆయనకు అమ్ముతుంది. నెలకు 10 వేలు, 36 వాయిదాలు. ఈ పద్ధతికి మురాబహా అని పేరు.

‘వడ్డీకే పేరు మార్చారు కదా!’ అంటారా? చూడ్డానికి అలాగే ఉంటుంది. అయితే ఆటో చేతులు మారేలోపు దెబ్బతింటే నష్టం బ్యాంకుది. వాయిదా ఆలస్యమైనా కుదిరిన ధర పెరగకూడదు. జరిమానా వేసినా ఆ డబ్బు దానధర్మాలకే పోవాలి. బేరం వెనుక ఎప్పుడూ ఒక వస్తువు ఉండాలి. లావాదేవీకి భద్రత అదే.

దాచుకునేవారి లెక్క వేరు. ముదారబా ఒప్పందంలో సొమ్ము మీది, వ్యాపారం బ్యాంకుది. లాభమొస్తే ముందే అనుకున్న వాటా ప్రకారం పంచుకుంటారు. బ్యాంకు తప్పు లేకుండా నష్టమొస్తే భరించాల్సింది మీరే. కాబట్టి ‘ఇంత రాబడి ఖాయం’ అని ఎవరూ చెప్పకూడదు.

ఇక్కడే మోసం దొరికిపోతుంది. వడ్డీ లేని హలాల్ పెట్టుబడి పేరుతో హైదరాబాద్ కేంద్రంగా నడిచిన హీరా గ్రూప్ ఏటా 36 శాతానికి పైగా రాబడి ఆశ చూపి సొమ్ము సేకరించిందన్నది దర్యాప్తు సంస్థల అభియోగం. సంస్థ దాన్ని కాదంటోంది. దాని అధిపతి 2018 అక్టోబరులో అరెస్టయ్యారు. మరుసటి ఏడాది బెంగళూరులో అలాంటిదే ఐఎంఏ అనే పెట్టుబడి సంస్థ కుప్పకూలింది. మతం మాటే ఎత్తని డిపాజిట్ల సంస్థ అగ్రిగోల్డ్‌లోనూ లక్షలాది మంది మునిగారు. పేరు ఏదైనా ఆశ ఒకటే.

మన దేశంలో ఇస్లామిక్ బ్యాంకు లేదు. బ్యాంకులు సరుకుల వ్యాపారం చేయడాన్ని 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టం నిషేధిస్తుంది. వడ్డీ లేని బ్యాంకింగ్ కావాలని 2008లో రఘురామ్ రాజన్ కమిటీ సూచించినా, ఆ ఆలోచనను ముందుకు తీసుకెళ్లడం లేదని 2017లో రిజర్వు బ్యాంకు తేల్చింది. హైదరాబాద్‌లో 1966 నుంచి తూర్ బైతుల్ మాల్ బంగారం తాకట్టు మీద వడ్డీ లేని అప్పులిస్తోంది. అది సాయమే తప్ప రాబడి పథకం కాదు.

బ్యాంకు డిపాజిట్‌కు 5 లక్షల వరకు బీమా ఉంది. ఊళ్లోకొచ్చే ఏజెంటు పథకానికి అది ఉండదు. లాభనష్టాల్లో వాటా అంటూనే నెలనెలా ఇంత ఖాయమనేవాడికి రూపాయి కూడా ఇవ్వకండి.