లారీ ముక్కుకు చౌక వైద్యం
గొట్టం మార్చితే చాలదు - గాలి సంగతి తెలియాలి

తాటిపాక: డీజిలు ధర పైసలతో సహా ఒప్పజెప్పే లారీ యజమానిని, నీ బండి ఎంత గాలి తాగుతుందని అడిగితే తెల్లమొహం వేస్తాడు. గాలికి బిల్లు లేదు గదా! కాని లీటరు డీజిలు పూర్తిగా మండాలంటే తక్కువలో తక్కువ పదివేల లీటర్ల గాలి కావాలి. టర్బో లేని ఆరు లీటర్ల ఇంజన్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే, ఆ నిమిషంలో సుమారు 6000 లీటర్ల గాలిని లోపలికి లాగుతుంది. ఆ గాలి ఎక్కడినుంచి వస్తున్నది, దానితోబాటు ఏమేమి వస్తున్నవి అన్నదానిమీదే ఇంజన్ ఆయుష్షు ఆధారపడి వుంది.

కోనసీమలో ఈ ప్రశ్నకు ప్రాధాన్యం మరీ ఎక్కువ. అంబాజీపేట కొబ్బరి, రావులపాలెం అరటి, పీచు, ధాన్యం లారీలమీదే గోదావరి పాయలు దాటాలి. ఎండాకాలం ఇసుక దుమ్ము, పీచుపొట్టు, వానాకాలం ముంపునీరు, ఇవి చాలవన్నట్లు తాటిపాక చుట్టూ నేలలో గ్యాస్ గొట్టాలు. ఈ మూడింటికీ లారీ ముక్కుతో సంబంధం వుంది.

దుమ్ము చేసే చేటు

దుమ్ములోని ఇసుక రేణువు లైనరు ఇనుముకంటె గట్టిది. వడపోత తప్పించుకుని లోపలికి పోయిందంటే రింగులనూ, లైనర్లనూ ఆకురాయిలా అరగదీస్తుంది. పొగ ఎక్కువవుతుంది. ఇంజన్ ఆయిలు తాగడం మొదలుపెడుతుంది. బండి ఎత్తు ఎక్కలేదు. చివరికి పిస్టన్లు, లైనర్లు, బోరింగు ఖర్చు యజమాని నెత్తిన పడుతుంది. క్యాబిన్ వెనుక నిలబెట్టిన నాలుగు మూరల గొట్టం, ఒక గొడుగు, నాలుగు క్లిప్పుల ఖర్చు దానిముందు లెక్కలోకి రాదు.

పాత లారీలకు గాలి గొట్టం తుప్పుపట్టి చిల్లిపడినా, రబ్బరు మోచేయి బీటలువారినా కొత్త సామాను కోసం ఎదురుచూడనక్కరలేదు. రేకుపనివాడు, వెల్డింగ్ షెడ్డు వుంటే ఊళ్ళోనే తయారవుతుంది. అయితే కొన్ని నియమాలు తప్పరాదు.

మొదటిది కొలత. కంపెనీ ఇచ్చిన గొట్టంకంటె సన్నది వేయరాదు. నిమిషానికి 6000 లీటర్ల గాలి నాలుగంగుళాల గొట్టంలో సెకనుకు 12 మీటర్ల వేగంతో పోతుంది. మూడంగుళాల గొట్టంలో 22 మీటర్ల వేగంతో పోవాలి. ఒక్క అంగుళం తగ్గించినందుకు గొట్టంలో గాలికి ఎదురయ్యే నిరోధం నాలుగు రెట్లు దాటుతుంది. గాలి చాలక డీజిలు సగం మండి నల్లపొగై పోతుంది. గొట్టం సన్నబడితే డబ్బు మిగలదు, మైలేజి తగ్గుతుంది. వంపులు కూడా తక్కువగా, నిదానంగా తిరిగేట్లు వుండాలి.

రెండవది చోటు. బానెట్ కింద వేడిగాలి పీల్చడంకంటె బయటి చల్లగాలి మేలు. గాలి పది డిగ్రీలు వేడెక్కితే దాని సాంద్రత నూటికి సుమారు మూడు వంతులు తగ్గుతుంది. అందుకే గొట్టం నోరు క్యాబిన్ పైకప్పు ఎత్తుకు పోవాలి. టైర్లు లేపే దుమ్ము అక్కడ పలచగా వుంటుంది. పైన వానగొడుగు తప్పనిసరి. గాలిని సుడి తిప్పి బరువు రేణువులను ముందే విసిరివేసే ప్రీ క్లీనరు పెడితే అసలు ఫిల్టరుకు సగం శ్రమ తప్పుతుంది.

మూడవది సరుకు. ఫిల్టరుకు ముందు భాగంలో రేకు, ఇనుప గొట్టం ఏదైనా పనికివస్తుంది. బోరు పైపుల ప్లాస్టిక్ గొట్టం చౌకే గాని, వేడికి మెత్తబడుతుంది. సైలెన్సరు దరిదాపుల్లో పెట్టరాదు. టర్బోనుంచి ఇంజన్‌కు పోయే దారిలో గాలి ఒత్తిడితో, నూరు డిగ్రీలు దాటిన వేడితో వుంటుంది. అక్కడ ప్లాస్టిక్ ముక్క పెట్టడమంటే కొరివితో తల గోక్కోవడమే. ఫిల్టరుకూ టర్బోకూ మధ్య మెత్తని రబ్బరు వేస్తే పీల్పుకు అది లోపలికి అతుక్కుంటుంది. లోపల తీగచుట్ట వున్న గొట్టమే వాడాలి.

అన్నిటికంటె ముఖ్యం అతుకులు. ఫిల్టరు దాటిన తర్వాత అతుకులో సన్నని సందు వున్నా ఫిల్టరు వుండీ లేనట్లే. వెల్డింగ్ బండిమీద చేయరాదు. విడిగా చేసి, లోపలి చిట్టెం గీకి, కడిగి, ఆరబెట్టి బిగించాలి. పదిరోజులు తిరిగాక ఫిల్టరుకు అవతలి గొట్టం విప్పి లోపల తెల్లగుడ్డతో తుడిస్తే గుట్టు బయటపడుతుంది. గుడ్డకు మట్టి అంటితే ఎక్కడో దొంగదారి వుందన్నమాట.

మేస్త్రీ లెవెల్ పైపే పరికరం

గొట్టం సరిపోయిందో లేదో తేల్చడానికి పెద్ద యంత్రం అక్కరలేదు. తాపీమేస్త్రీలు మట్టం చూసే పారదర్శకపు పైపు చాలు. దానిని యూ ఆకారంలో చెక్కకు కట్టి, సగంవరకు రంగునీళ్ళు పోసి, ఒక కొసను ఫిల్టరు తర్వాతి గొట్టానికి తగిలించాలి. ఇంజన్ పూర్తి వేగంలో వున్నప్పుడు రెండువైపుల నీటిమట్టాల తేడా కొలవాలి. టర్బో బండ్లను లోడుతో నడిపి చూడాలి. సాధారణంగా టర్బో వున్న ఇంజన్లకు 25 అంగుళాలు, లేనివాటికి 20 అంగుళాలు హద్దు. కొత్త ఫిల్టరుతోనే ఆ దరిదాపులకు వచ్చిందంటే గొట్టం సన్నదని అర్థం. పరీక్ష కాగానే ఆ చిల్లును గట్టిగా మూసివేయాలి.

అర గ్లాసు నీళ్ళు చాలు

1986లోనూ, 2022 జూలైలోనూ గోదావరి వరద లంకలను ముంచెత్తింది. రోడ్డుమీద మోకాటిలోతు నీరున్నా లారీని దూకించే డ్రైవర్లున్నారు. డీజిలు ఇంజన్ గాలిని పదిహేడో వంతుకు నొక్కుతుంది. లీటరు సిలిండరులో చివరికి మిగిలే చోటు అరవై మిల్లీలీటర్లే. అంతకుమించి నీరు చేరితే, నీరు గాలిలా నలగదు గనుక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నీటిలో ఆగిపోయిన బండిని మళ్ళీ స్టార్టు చేయబోవడం దానికి ఉరి బిగించడమే. ఎత్తైన ముక్కు ఈ గండం కొంత తప్పిస్తుంది. పూర్తిగా కాదు.

గ్యాస్ పీలిస్తే?

తాటిపాకలో ఓఎన్‌జీసీ చిన్న రిఫైనరీ 2001 నుంచి వుంది. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్ 27న పక్కనున్న నగరంలో గెయిల్ గొట్టం పేలి ఇరవైమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఇలాంటి చోట డీజిలు బండి చేసే ప్రమాదం చాలామందికి తెలియదు. గాలితోబాటు గ్యాస్ లోపలికి పోతే ఇంజన్‌కు అదే ఇంధనమవుతుంది. తాళం తీసినా, డీజిలు ఆపినా ఆగదు. వేగం పెరిగిపెరిగి బద్దలు కావచ్చు, నిప్పు కక్కవచ్చు. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సాస్ సిటీ రిఫైనరీలో 15 మందిని బలిగొన్న పేలుడుకు నిప్పంటించింది, ఆవిరిమేఘం పీల్చిన ఒక డీజిలు పికప్ ట్రక్కేనని దర్యాప్తులో భావించారు.

ఇందుకు మందు గాలి దారిలోనే వుంది. గొట్టంలో మూతవాల్వు అమర్చి గాలిని పూర్తిగా కట్టివేస్తే ఇంజన్ ఆగక తప్పదు. చమురు క్షేత్రాల్లో తిరిగే బండ్లకు ఇది పెడతారు. గొట్టం అతుకుల్లో సందులుంటే మాత్రం ఈ వాల్వూ పనిచేయదు. గ్యాస్ లీకయిందన్న అనుమానం వస్తే ఆగివున్న బండిని స్టార్టు చేయరాదు. నడుస్తున్నదానిని ఆపి, గాలి వచ్చే దిక్కుకు కాలినడకన పోవాలి.

చివరిగా ఒక హెచ్చరిక. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 బండ్లలో గాలిని కొలిచే సెన్సర్లు వుంటాయి. వాటి ముక్కు మార్చితే వారంటీ పోవచ్చు, ఇంజన్ మొరాయించవచ్చు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ కొలతలు మార్చడానికి అనుమతి కావాలి. కనుక ఈ చౌక వైద్యం పాతబండ్లకు, పాత కొలతలకు లోబడి చేసే మరమ్మతు మాత్రమే. ఆ మేరకు శ్రద్ధగా చేస్తే లారీకీ, దానిమీద బతికే కుటుంబానికీ ఊపిరి నిలుస్తుంది.