భుజానికి కొత్త కీలు వేశాక చెయ్యి లేవాలంటే

భుజం కీలు అరిగి ఏళ్ళ తరబడి బాధపడినవారు, కీలు మార్పిడి ఆపరేషనైన కొద్ది వారాలకే "నొప్పి పోయింది, ఇక ఫరవాలేదు" అనుకుంటారు. చిక్కంతా అక్కడే వస్తుంది. నొప్పి తగ్గినంత త్వరగా కండరం అతుక్కోదు. కొత్త కీలు అమర్చడానికి సాధారణంగా భుజం ముందువైపు కండరాన్ని విడదీసి, మళ్ళీ కుట్టివేస్తారు. ఆ కుట్టు గట్టిపడడానికి సుమారు 6 వారాలు కావాలి. ఈలోగా ఆ చేతిని మంచంపట్టె మీద ఆనించి లేచినా, నీళ్ళ బిందె ఎత్తినా కుట్టు తెగవచ్చు. ఇంట్లో పెద్దావిడ "వంట ఒక్కటీ చేస్తానులే" అంటే ఒప్పుకోకండి. చపాతీలు వత్తడం, పచ్చడి నూరడం భుజంతో నెట్టే పనులే.

అలాగని చేతిని స్లింగులో బిగించి కదలకుండా ఉంచితే కీలు బిగుసుకుపోతుంది. మొదటినుంచీ వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి ఆడిస్తూ ఉండండి. వెల్లకిల పడుకున్నప్పుడు మోచేతి కింద దిండు పెట్టుకోండి. మోచెయ్యి వెనక్కి జారకూడదు.

డాక్టరుగారు సరేనన్నాక లోలకం వ్యాయామం మొదలుపెట్టండి. మంచి చేతిని బల్లకు ఆనించి ముందుకు వంగి, ఆపరేషనైన చేతిని వేలాడదీయండి. చాలామంది చేతినే బలంగా ఊపుతారు, అది తప్పు. ఒంటిని మెల్లగా ఊపితే చెయ్యి దానంతటదే ఊగుతుంది. తరువాత వెల్లకిల పడుకుని, రెండు చేతులతో కర్ర పట్టుకుని పైకెత్తండి. ఎత్తేది మంచి చెయ్యి, రెండోది వెంట వస్తే చాలు. ఇవి పదేసి సార్లు, రోజుకు మూడు పూటలు చేస్తే మంచిది. సొంత బలంతో చెయ్యి ఎత్తడం 6 వారాల తరువాత, రబ్బరు పట్టీ లాగడం, బరువులు సుమారు 12 వారాల తరువాత.

మీకు వేసింది ఏ రకం కీలో ఆసుపత్రి వదిలేముందే అడగండి. ఫ్రాన్సులో పాల్ గ్రామోం 1985లో రూపొందించిన రివర్స్ కీలులో గుండు రెక్క ఎముకకు, గిన్నె చేతి ఎముకకు ఉంటాయి. వీరు వీపు వెనక్కి చెయ్యి పెడితే కీలు జారే ప్రమాదముంది. పంచె గోచీ వెనక దోపుకోవడం, వెనకజేబులో పర్సు తీయడం సుమారు 3 నెలలు మానాలి. అందుకే ఎదురింటివారికి చెప్పిన వ్యాయామం మీకు పనికిరాకపోవచ్చు.

చేతిలో పట్టు ఏడాది వరకూ మెరుగవుతూనే ఉంటుంది. కాని భుజంలో టక్కుమని శబ్దమై చెయ్యి లేవకపోయినా, జ్వరం వచ్చినా, గాయం నుంచి చీము కారినా వ్యాయామం ఆపి, ఆ రోజే సర్జనుకు చూపించండి.