ఉబ్బసమునకు పులిత్రేన్పులకు గల సంబంధము

టాటానగర్ రైల్వేస్టేషనుకు చేరువనున్న జుగ్సలాయి, జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారమును ఆశ్రయించి పెరిగిన ఊరు. పనికై ఆంధ్రదేశమునుండి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు ఈ ప్రాంతమున పెక్కు గలవు. ఆ కర్మాగారమున ఎనిమిది గంటల పనిదినము 1912లోనే అమలులోనికి వచ్చినది. రేయింబవళ్లు మూడు షిఫ్టులుగా పని సాగును. మధ్యాహ్నపు షిఫ్టు ముగించుకొని రాత్రి పది దాటిన పిదప ఇల్లు చేరినవాడు కడుపునిండ భుజించి వెంటనే పడుకొనుట సహజము. అతనికి ఉబ్బసము కూడ ఉన్నచో, అర్ధరాత్రి దగ్గుతో, పిల్లికూతలతో, నోట పుల్లని నీటితో మేల్కొనవచ్చును. దీనికంతకు పొగయే కారణమని తలతురు. పొగ ఉబ్బసమును రేపుననుట నిజమే. కాని కొందరిలో జీర్ణకోశము కూడ కారణమగును.

ఆమ్లము చేయు కీడు

అన్నవాహిక జీర్ణకోశముతో కలియుచోట ఒక కండరపు కట్టు కలదు. అన్నము దిగునపుడు అది తెరచుకొని, పిదప బిగిసికొనును. అది సడలినచో జీర్ణకోశమందలి ఆమ్లము పైకి ఎగదన్నును. రొమ్ము మంట, పులిత్రేన్పులు దీని లక్షణములే. పడుకొన్నపుడు ఆమ్లము త్వరగా దిగిపోక అన్నవాహికలోనే నిలిచియుండును.

ఇది శ్వాసమునకు రెండు విధముల కీడు చేయును. ఆమ్లపు తుంపరలు గొంతు దాటి శ్వాసనాళములలో పడి వాపు కలిగించుట మొదటిది. అన్నవాహికకును శ్వాసనాళములకును వేగస్ నాడియే శాఖల నిచ్చుటచే, ఒకచోటి మంట రెండవచోట బిగువును కలిగించుట రెండవది. ఇంతేకాక ఉబ్బసపు దగ్గు, ఎగఊపిరి ఆమ్లమును మరింత పైకి తెచ్చును. థియోఫిలిన్ వంటి కొన్ని ఉబ్బసపు మందులు ఆ కట్టును సడలించును. ఇట్లు ఒక వ్యాధి వేరొకదానిని పెంచును.

పాటింపవలసినవి

ఉబ్బసరోగులు పెద్ద భోజనమును మధ్యాహ్నమే చేయుట మేలని విలియం ఆస్లర్ అను ప్రసిద్ధ వైద్యుడు 1892లోనే సూచించెను. మధ్యాహ్నపు షిఫ్టువారు పనికి పోవుటకు ముందే ముఖ్య భోజనము చేసి, విరామ సమయమున కొంత తిని, ఇంటికి వచ్చిన పిదప మితముగా పుచ్చుకొనవలెను. భోజనమునకును నిద్రకును మూడు గంటల ఎడముండుట మంచిది. మంచపు తలవైపు కోళ్లక్రింద ఇటుకలో, చెక్కలో పెట్టి ఆరు మొదలు ఎనిమిది అంగుళములు ఎత్తు చేయవలెను. తలగడలు పెంచినంత మాత్రమున చాలదు. పొట్ట ముడుచుకొని ఒత్తిడి హెచ్చును. ఎడమ ప్రక్కకు తిరిగి పడుకొనుట మేలు. బీడీ, ఖైనీ, మద్యము మానవలెను. స్థూలకాయులు బరువు తగ్గవలెను. వేపుడు, కారము, టీ వీనిలో తనకేది మంట కలిగించుచున్నదో గమనించి దానిని తగ్గించుకొనవలెను.

హెచ్చరిక

ఉబ్బసరోగులందరికిని ఆమ్లము తగ్గించు మాత్రలు అక్కరలేదు. ఉబ్బసము అదుపులోనికి రాని 412 మంది రోగులకు అమెరికాలో జరిపిన పరీక్ష ఫలితములు 2009లో వెలువడెను. వారికి పులిత్రేన్పుల బాధ లేదు, లేక స్వల్పముగా మాత్రమే కలదు. అట్టివారికి ఆ మాత్రలవలన ఉబ్బసము తగ్గలేదు. కనుక వైద్యుని సలహాలేక మాత్రలు వాడరాదు. పీల్చుమందును ఎట్టి పరిస్థితిలోను స్వయముగా మానరాదు.

మ్రింగుట కష్టమైనను, నల్లని విరేచనమైనను వైద్యునికి చూపవలెను. మాటలాడలేనంత ఆయాసము వచ్చినను, చెమటతో రొమ్ము బిగబట్టినను, నెత్తురు వాంతియైనను క్షణమైన ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. రొమ్ము నొప్పి యెల్ల పులిత్రేన్పుల నొప్పి కాదు. అది గుండెపోటు కూడ కావచ్చును.