జీవకణాల పెంపకం – వెలుతురుతో మెత్తబడే జెల్

గేదె పాల పెరుగు గడ్డగా తోడుకోవడం సభ్యులందరూ ఎరిగినదే. ఆ గడ్డలో నూటికి 80 పాళ్లకు పైగా నీరే ఉన్నది. అయినా గిన్నె కొంచెం వంచితే ఒలికిపోదు. పాలు పులిసినపుడు కేసీన్ అనే మాంసకృత్తు రేణువులు ఒకదానికొకటి అంటుకొని సన్నని వలగా ఏర్పడి, నీటిని అందులో పట్టి ఉంచుతాయి. ప్రయోగశాలలో ఇటువంటి నీటి వలనే హైడ్రోజెల్ అంటారు. మేము ఇక్కడ చెప్పబోయే జెల్‌లో ఒక విశేషమున్నది. వల ముడులు వెలుతురు తగిలితే విడిపోతాయి.

దీని అవసరం ఎందుకు కలిగినది? జీవకణాలను చాలాకాలంగా గట్టి ప్లాస్టిక్ పళ్లేలలో పెంచుతున్నారు. శరీరంలో చాలా కణాలు అంత గట్టి నేల మీద ఉండవు. 2006లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆడమ్ ఎంగ్లర్, డెన్నిస్ డిషర్ మొదలగువారు ఎముక మూలుగ నుండి వచ్చిన మూలకణాలను రకరకాల బిగువు గల జెల్‌ల మీద పెంచి చూశారు. మెదడంత మెత్తగా, 1 కిలోపాస్కల్ లోపు ఉన్నదాని మీద కణాలు నాడీకణాల పోకడ పట్టినవి. కండరమంత బిగువు, అనగా 8 నుండి 17 కిలోపాస్కల్‌ల మీద కండర కణాల పోకడ. 25 నుండి 40 వరకు గట్టిగా ఉంటే ఎముక కణాల పోకడ. మేత అన్నింటికీ ఒకటే, మారినది పాక నేల మాత్రమే!

అయితే శరీరంలో నేల ఒకే తీరున ఉండదు. గాయం మానుతున్నచోట గట్టిపడవచ్చు, మరొకచోట మెత్తబడవచ్చు. కణాలు బ్రతికి ఉండగానే వాటి కింది జెల్‌ను మార్చగలగాలి. 2009లో కొలరాడో విశ్వవిద్యాలయంలో క్రిస్టీ ఆన్సెత్ బృందం ఈ పని చేసి చూపించినది. పాలి ఇథిలీన్ గ్లైకాల్ పోగులను, 365 నానోమీటర్ల అతినీలలోహిత కిరణానికి తెగే ముడులతో కట్టారు. కిరణం పడినంత మేర జెల్ మెత్తబడుతుంది, ఎక్కువసేపు పడితే కరిగిపోతుంది. చేయి పెట్టకుండా, కణాలను కదపకుండా, కోరినచోట సన్నని కాలువలు కూడా తీయవచ్చును.

ఇదే బృందం 2014లో ప్రకటించిన ఫలితం మరీ ముఖ్యమని మా అభిప్రాయం. మూలకణాలను 10 కిలోపాస్కల్‌ల జెల్ మీద ఉంచి, కిరణంతో దానిని 2కు దించారు. గట్టి నేల మీద కొద్దికాలమే ఉన్న కణాలు తిరిగి మెత్తని నేలకు తగినట్లు మారినవి. ఒక హద్దు దాటినవి మాత్రం మారలేదు. వై.ఏ.పి. అనే మాంసకృత్తు కణకేంద్రంలోనే తిష్ఠ వేసినది, ఎముక వైపు మొగ్గు అలాగే నిలిచినది. కొత్త పాకకు తోలుకొచ్చినా పాత అలవాటు వదలని పశువు వలె అనుకోవచ్చు. రోగికి ఎక్కించడానికి కణాలను ముందుగా ప్లాస్టిక్ పళ్లెంలో పెంచేవారు, అక్కడ ఎన్ని రోజులు ఉంచారో లెక్క చూసుకోక తప్పదు. గట్టి నేల మీద గడిపిన కాలం కణాలతోపాటే రోగి శరీరంలోకి వెళ్లవచ్చును.

ఈ కిరణం మాంసంలోకి లోతుగా పోదు, ఎక్కువైతే కణాలకు హాని కూడా. అందుచేత ఈ మెత్తబరిచే పద్ధతి ముఖ్యంగా ప్రయోగశాల పరికరమే.

వెలుతురుతో గట్టిపరిచే పద్ధతి మాత్రం కంటి వైద్యంలో వాడుకలో ఉన్నది. కంటి ముందరి పారదర్శక పొర, కార్నియా, అది కూడా నీరు పట్టిన వలయే. అది బలహీనపడి ముందుకు పొడుచుకు వస్తున్నవారికి రిబోఫ్లేవిన్ చుక్కలు వేసి, అతినీలలోహిత కిరణం పట్టి వలకు కొత్త ముడులు వేస్తారు. జర్మనీలోని డ్రెస్డెన్ వైద్యులు 2003లో తొలి చికిత్సల ఫలితాలు ప్రకటించారు.

రిబోఫ్లేవిన్ అనగా మన పాలలో ఉన్న బి2 విటమినే. వెలుతురు పడితే పాలలోనూ అది ఊరకుండదు. తాను నశిస్తూ మాంసకృత్తులను కూడా చెరుస్తుంది. ఎండలో ఉంచిన గాజు సీసా పాలకు ఈకలు కాలిన వంటి వాసన వచ్చేది అందువల్లనే. తనిఖీకి వెళ్లినచోట పాల సీసాలు ఎండలో కనిపిస్తే మేము నీడకు మార్పించేది ఇందుకే.