సున్నం పూసుకున్న నగరం

వడగాడ్పుకు వందలమందిని పోగొట్టుకున్న అహ్మదాబాద్, ఇంటి పైకప్పు నుంచే జాగ్రత్త మొదలుపెట్టింది

అహ్మదాబాద్ పాతబస్తీలో నడివేసవి మధ్యాహ్నం కూడా నెత్తిన ఎండ పడని సందులున్నాయి. వాటిని పోళ్ అంటారు. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు, ఒకదాని నీడ ఇంకోదాని మీద పడుతుంది. లోపల ఆకాశం కనిపించే చౌక్, దాని కింద వాననీళ్లు దాచుకునే టాంకా. ఫ్యాన్లు కూడా లేని రోజుల్లో ఈ ఊరు వేసవులు గడిపింది ఇలాగే. తర్వాత ఊరు సబర్మతికి రెండు వైపులా పెరిగింది. రేకుల ఇళ్లూ, కాంక్రీటు శ్లాబులూ లేచాయి. పోళ్‌లోని నీడ వాటికి దక్కలేదు.

2010 మే 21న ఇక్కడ 46.8 డిగ్రీల ఎండ కాసింది. మామూలు మే నెలలతో పోల్చితే ఆ ఒక్క నెలలోనే 1,344 మంది ఎక్కువగా చనిపోయారు.

కిందికి దిగిన వార్డు

శారదాబెన్ ఆసుపత్రిలో ప్రసూతి వార్డు అప్పట్లో పై అంతస్తులో ఉండేది. నెత్తిమీద కాలే శ్లాబు, ఏసీ లేదు. ఆ ఏప్రిల్-జూన్ నెలల్లో వేడికి జబ్బుపడి ఐసీయూలో చేరిన పసికందులు 24 మంది. దాహమని నోరు తెరిచి చెప్పలేని ప్రాణాలవి. తర్వాత వార్డును కింది అంతస్తుకు మార్చారు. ఆ మార్పు పిల్లలను కాపాడిందని పరిశోధకులు తేల్చారు.

2013లో నగరపాలక సంస్థ, గాంధీనగర్ ప్రజారోగ్య సంస్థ తదితరులు కలిసి వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక తెచ్చారు. దక్షిణాసియాలో అదే మొదటిది. ఎండ ముదురుతుందనగానే పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు వెళ్తాయి. ఆసుపత్రులు సిద్ధమవుతాయి, కూడళ్లలో మంచినీళ్లు పెడతారు. బస్తీల్లో రేకుల మీద తెల్లపూత వేస్తారు. పగలంతా కాలిన రేకు రాత్రి కూడా నిద్రపోనివ్వదు. తెల్లపూత ఎండను వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. గదిలో రెండు నుంచి అయిదు డిగ్రీల దాకా తగ్గొచ్చని అంచనా.

మన ఊళ్ల మాటేమిటి?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనకు తాతల నాటి నుంచీ తెలుసు. చలివేంద్రం పెట్టడం పుణ్యమనీ తెలుసు. అయినా 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. దాహం తీర్చే చెయ్యి ఉంటే చాలదు, నీడనిచ్చే కప్పు కూడా ఉండాలి.

2023లో తెలంగాణ చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులకు ఈ ఏర్పాటు చేయాలన్నది లక్ష్యం. అందులో 200 హైదరాబాద్ వాటా. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు తప్పనిసరి. సొంత ఇళ్ల విషయంలో 600 గజాలు, ఆపై స్థలం ఉన్నవాటికి తప్పనిసరి, అంతకన్నా చిన్నవాటికి యజమాని ఇష్టం.

వడగాడ్పు ముందుగా కొట్టేది ఆ చిన్న ఇంటినే. ఇష్టం ఉన్నా పూతకు డబ్బు లేని ఇల్లది. సున్నం బకెట్టు మొదట చేరాల్సింది ఆ గడపకే.